రంగు లేని నరాలు

ఇక్కడ అమెరికాలో మా మనవరాలు మెడికల్ కాలేజీలో చేరకముందే డిగ్రీలో అనాటమీ చదివింది. కాలేజీలో చేరిన ఏడాది మా గడప తొక్కిన ప్రతివాళ్ళకీ మా అమ్మాయి ఆ సంగతి చెప్పింది. పిల్ల కూడా సగం డాక్టరు అయిపోయినట్టే నడిచేది. తోటిపిల్లలు సాయంత్రందాకా శవాలుండే ల్యాబులో నిలబడి చదువుకుంటుంటే, తను మధ్యాహ్నానికే కారు వేసుకుని ఇంటికొచ్చి సోఫాలో కాళ్ళు చాపేది. ఇదేమిటే అంటే, అవన్నీ ఆల్రెడీ తెలుసు అమ్మమ్మా అనేది.

తనకు తెలిసినదంతా కార్డుల మీద ఉండేది. డిగ్రీలో ఉండగా తన చేత్తోనే బొమ్మలు గీసి, స్కెచ్ పెన్నులతో రంగులు వేసుకుంది. నెత్తురు తీసుకెళ్ళే ఆర్టరీ ఎరుపు, తిరిగి తెచ్చే వెయిన్ నీలం, నరం పసుపు. వెనకవైపు పేర్లు. డిగ్రీ అయ్యాక వాటిని పారేయబోతే నేనే ఆపి, ఖాళీ పెరుగు డబ్బాల్లో సర్ది దాచాను. అట్టలు ఊరికే రావు.

మొదటి పరీక్ష తప్పింది. కొద్దిలో కాదు, బాగా తప్పింది. నాలాంటిదానికి అర్థమయ్యేలా తనే చెప్పింది. శవంలో అక్కడక్కడా గుండుసూది గుచ్చి, అదేమిటో రాయమంటారట. గంట కొట్టగానే పక్క బల్లకి జరగాలి. సూది కింద ఎరుపు లేదు, నీలం లేదు, పసుపు లేదు. అన్నీ ఒకటే రంగు, నానబెట్టిన చింతపండు పీచులా. డిగ్రీలో తను చూసినవి ప్లాస్టిక్ బొమ్మలు. పేర్లన్నీ నోట్లోనే ఉన్నాయి, ఏ పేరు దేనిదో తెలియలేదు. ఇంకొక్కసారి రాయనిస్తారు. అదీ పోతే ఏడాదంతా మళ్ళీ చదవాలి.

ఆ ఆదివారం మా ఊరు ఫార్మింగ్టన్ హిల్స్‌లోనే ఉండే స్నేహితులు భోజనానికి వచ్చారు. వాళ్ళ పెద్దమ్మాయిదీ ఇదే క్లాసు. ఆ పిల్ల డిగ్రీలో చదివింది చరిత్ర; ఇక్కడ ఏ డిగ్రీ చదివినా డాక్టరు చదువులో చేరొచ్చు. క్లాసులు మొదలవకముందు మా పిల్ల ఆమెతో, కావాలంటే ట్యూషన్ చెప్తానంది, నా ఎదుటే. ఆ పిల్ల పాసయిందని నాకు తెలుసు. అందుకే అన్నం వడ్డిస్తూ అందరూ వినేలా అడిగాను, నువ్వెలా గట్టెక్కావని. మా అమ్మాయి కళ్ళతోనే వద్దంది. నేను ఆగలేదు.

"నాకేం తెలీదు కదా అమ్మమ్మగారూ. సో రోజూ ల్యాబ్‌కి వెళ్ళి చేత్తో పట్టుకుని చూశాను. నర్వ్ గట్టిగా ఉంటుంది, దారంలాగా. వెయిన్ నొక్కితే ఫ్లాట్ అయిపోతుంది."

నేను మా పిల్ల వైపు తిరిగాను.

"విన్నావుగా. నువ్వు ట్యూషన్ చెప్తానన్న పిల్లే. ఇంకాస్త పప్పు వెయ్యి, ఫీజు అనుకుంటుంది."

మా పిల్ల లేచి వేసింది.

మర్నాడు చూస్తే ల్యాబుకి వెళ్ళకుండా మళ్ళీ ఆ కార్డులే ముందేసుకుని కూర్చుంది. ఆ అమ్మాయికి మొహం చూపించలేక. నేను కార్డులన్నీ పోగుచేసి తీసుకెళ్ళి సింకులో బోర్లించి వేడినీళ్ళు తిప్పాను. తను వెనకాలే పరిగెత్తుకొచ్చేసరికి ఎరుపు నీలంలో, నీలం పసుపులో కలిసి అంతా బురద రంగుకి తిరిగింది.

"అమ్మమ్మా, ఐ మేడ్ దోజ్," అంది.

తడి కార్డొకటి తీసి మొహం ముందు పట్టాను. "ఇప్పుడు చెప్పు, ఇందులో నరం ఏది?"

తను కార్డు లాక్కుని అటూ ఇటూ తిప్పింది.

"బల్ల మీద పడుకున్న మనిషికి నీ కోసం రంగులు ఎవరేస్తారే? పో."

కారు తాళాలు తీసుకుని వెళ్ళిపోయింది. ఏడుస్తూ డ్రైవ్ చేస్తోందని మా అమ్మాయి నా మీద అరిచింది. అరవనీ.

ఆ రోజు మొదలు ల్యాబు మూసేదాకా అక్కడే ఉండేది. చరిత్ర చదివిన పిల్ల పక్కన నిలబడి, చేత్తో తడిమి నేర్చుకుందట. పేర్లు ముందే వచ్చు కాబట్టి తొందరగా అందుకుందని ఆ పిల్లే అంది. డిగ్రీ చదువు పనికొచ్చింది అంతవరకే. అదీ చేతులు పెట్టాకే.

రెండోసారి పాసయింది. ఆ కబురు వాళ్ళమ్మకి చెప్పింది, పక్కనే కరివేపాకు దూస్తున్న నాకు కాదు.

మొన్న ఆ స్నేహితుల చిన్నమ్మాయి ఫోన్ చేసింది, తనూ డిగ్రీలో అనాటమీ తీసుకోవచ్చా అని. మా పిల్ల స్పీకర్ పెట్టి, బట్టలు మడతపెడుతూ జవాబు చెప్పింది.

"తీసుకో, హెల్ప్ అవుతుంది. నేమ్స్ వస్తాయి. బట్ కార్డ్స్ చేస్తే మా ఇంటికి మాత్రం తేకు."

నా వైపు చూడలేదు. ఆనాడు సింకులోంచి తీసి ఎండబెట్టి దాచిన ఆ కార్డుల్లోంచి ఒకటి తీసి, గట్టుకి జిడ్డు అంటకుండా నూనె సీసా కింద పెట్టాను.