హన్‌రటీ కొట్టులో చిన్న ఫాదర్

గ్లాసు నిండగానే మలకీ టూహీ ఎముక పలకతో పైనురుగును ఒక్క గీతలో తీసేస్తాడు. ఎడమ నుంచి కుడికి. రెండోసారి గీయడు. పలకను నీళ్లగిన్నెలో ముంచి, విదిలించి, తరువాతి గ్లాసు అందుకుంటాడు. పద్నాలుగేళ్లుగా అదే చెయ్యి, అదే గీత.

డబ్లిన్‌లో పశువుల సంత వీధిలో ఉంది హన్‌రటీ కొట్టు. ముందు గదిలో టీపొడి, చక్కెర, పందిమాంసం. వెనక గదిలో నల్లబీరు. అలాంటి కొట్టులో పనిచేసేవాణ్ణి ఆ ఊళ్లో చిన్న ఫాదర్ అంటారు, చర్చిలో పెద్ద ఫాదర్ కింద ఉండే కుర్ర గురువుతో పోల్చి. ఇతనూ యజమాని కప్పు కిందే పడుకోవాలి. యజమాని పెట్టిందే తినాలి. అడగకుండా గడప దాటకూడదు. పెళ్లి మాట ఎత్తకూడదు.

ఒకసారి కావన్ నుంచి వచ్చిన ముసలావిడ ఆ పిలుపు నిజమే అనుకుంది. బల్ల ముందు మోకరించి, "దీవించండి ఫాదర్, పాపం చేశాను" అంది. మలకీ బల్ల చుట్టూ తిరిగి వచ్చి లేపేలోగా పొరుగింటి కోడి ఏమైందో చెప్పేసింది.

మలకీకి ముప్పై మూడేళ్లు. పందొమ్మిదో ఏట టిప్పరేరీ నుంచి ఒక పెట్టెతో వచ్చాడు. ఆరేళ్లుగా, వారానికి దొరికే ఒక్క పూట సెలవులో, చొక్కాల ఫ్యాక్టరీలో కుట్టే లీనా స్కల్లీతో కాలవ గట్టున నడుస్తున్నాడు. 1919 జనవరి చివర, ఆ గట్టు మీదే లీనా ఆగిపోయింది. ఇంకో ఐదు వారాల్లో, ఈస్టరు ముందు వచ్చే తపస్సుకాలం. ఆ నలభై రోజులూ పెళ్లిళ్లు లేవు.

"ఈలోగా చేసుకుంటావా, లేక లివర్‌పూల్‌లో మా అత్త దగ్గరికి పోనా? ఇంకో ఏడాది ఈ గట్టున తిరగడం నా వల్ల కాదు మలకీ. బాతులకి కూడా మన పేర్లు వచ్చేశాయి."

మర్నాడు మలకీ యజమానిని అడిగాడు.

"చిన్న ఫాదర్‌కి పెళ్లేమిటయ్యా?" అన్నాడు హన్‌రటీ. "పైగదిలో మంచం ఉందిగా. బయట పడుకునేవాడికి నా కొట్లో పనిలేదు."

"అయితే నన్ను చూసినప్పుడు టోపీ తియ్యండయ్యగారూ. ఫాదర్నేగా."

ఆ ఆదివారం పూజ అయ్యాక తిన్నగా సంఘం మీటింగుకు వెళ్లాడు.

బార్లలో, కిరాణా కొట్లలో పనిచేసేవాళ్ల సంఘం అది. పుట్టి రెండేళ్లు కాలేదు. హాలు కిక్కిరిసింది. ఎదుటి బార్లో పనిచేసే కాన్ డెలహంట్ కుర్చీ ఎక్కి అరిచాడు: "పగలు పని వాళ్లది. రాత్రి మంచం మనది! అంతే అడుగుతున్నాం. గురువారం సంత. పన్నెండు గంట కొట్టేలోగా జవాబు రాకపోతే ఏప్రన్లు విప్పేద్దాం."

మలకీ చెయ్యి ఎత్తాడు. చుట్టూ అన్ని చేతులు ఒక్కసారిగా లేవడం అతను ఎన్నడూ చూడలేదు.

గురువారం వచ్చింది. పశువుల్ని తోలుకొచ్చినవాళ్లు బల్ల ముందు మూడు వరసల్లో నిలబడ్డారు. పనివాళ్లని బయట పడుకోనివ్వాలని సంఘం పంపిన ఉత్తరం హన్‌రటీ కోటు జేబులో ఉంది. ఆయన దాన్ని బయటికి తియ్యలేదు. పదకొండున్నర. పావు తక్కువ పన్నెండు.

పన్నెండుకు చర్చి గంట మోగింది. మధ్యాహ్నపు ప్రార్థన. అందరూ టోపీలు తీసి తలలు వంచారు. హన్‌రటీ కళ్లు మూసుకున్నాడు. మలకీ పెదవులతో ప్రార్థన చెబుతూ, చేతులతో ఏప్రన్ ముడి విప్పాడు.

హన్‌రటీ కళ్లు తెరిచేసరికి బల్ల మీద మడత పెట్టిన ఏప్రన్.

"ఏమిట్రా ఇది?"

"జవాబు రాలేదయ్యగారూ."

బయటికి వచ్చాడు. వీధి పొడుగునా ప్రతి బార్ ముందూ ఒకరో ఇద్దరో, ఏప్రన్ లేకుండా. ఎదురుగా కాన్ నవ్వుతున్నాడు.

"హన్‌రటీ మొండికేస్తే?" అడిగాడు మలకీ.

"వేస్తే నువ్వూ లివర్‌పూల్ టికెట్ కొనుక్కో."

నవ్వు రాలేదు మలకీకి. కిటికీ అద్దంలోంచి లోపలికి చూశాడు. నల్లబీరు రెండు పీపాల్లోంచి పట్టాలి. ఒకటి పొంగేది, ఒకటి పొంగనిది. దేంట్లోంచి ఎంతన్నది చెయ్యికే తెలుస్తుంది. హన్‌రటీ చెయ్యికి తెలియదు. నురుగు మోచేతుల దాకా వచ్చింది.

"బీరు అడిగితే గొర్రె ఉన్ని ఇస్తావేం హన్‌రటీ?" ముసలి డినీ రోర్క్ గ్లాసు పైకెత్తాడు. "కత్తెర కూడా ఇయ్యి, బొచ్చు కత్తిరించుకుని తాగుతా!"

కొట్టంతా గొల్లుమంది.

"ఈ పూజ నీకు రాదులే. చిన్న ఫాదర్ని పిలు!"

ఒంటిగంటకు వీధి చివరి బార్ సంతకం పెట్టిందని కేక వినిపించింది. ఇంకాసేపటికి మరొకటి. మలకీ కాళ్లు ఒకచోట నిలవడం లేదు. రెండు కావస్తుండగా హన్‌రటీ తలుపు దగ్గరికి వచ్చాడు. చొక్కా పిండితే ఒక గ్లాసు బీరు వచ్చేలా ఉంది. చేతిలో ఉత్తరం.

"కలం ఎవడి దగ్గరుందిరా?"

టోపీలు గాల్లోకి ఎగిరాయి.

ఆరు గంటలకు, అడక్కుండానే, మలకీ గడప దాటి పరుగెత్తాడు. ఫ్యాక్టరీ గేటులోంచి అమ్మాయిలు గుంపుగా వస్తున్నారు.

"లీనా!" దూరం నుంచే అరిచాడు. "రాత్రి మంచం మనది!"

గేటు గేటంతా పకపకమంది. లీనా ముఖం కందగడ్డ అయింది.

"మెల్లిగా అరవ్వయ్యా. ముందు పెళ్లి కానీ."

అతనికి అప్పుడు అర్థమైంది తానేమన్నాడో. అయినా నవ్వు ఆపుకోలేకపోయాడు. లీనా కూడా అంతే. కొట్టు మూసే వేళకి పెట్టె భుజాన వేసుకుని, కాన్ వాళ్లక్క ఇంట్లో అద్దెకిచ్చే గదికి చేరాడు.

మర్నాడు ఉదయం ఏడున్నరకు మలకీ హన్‌రటీ కొట్టు వీధి తలుపు తట్టాడు. పై కిటికీ తెరుచుకుంది.

"ఎవరు? ఎవరైనా పోయారా?"

"లేదయ్యగారూ. పనివాణ్ణి వచ్చాను."

మెట్ల మీద చెప్పుల చప్పుడు. లోపల, ఇన్నేళ్లూ రోజూ మలకీయే తీసిన గడియతో పెనుగులాట, గొణుగుడు. మలకీ తలుపుకు నోరు ఆనించి, "ముందు పై గడియండీ, తర్వాత కిందిది" అన్నాడు. తలుపు తెరుచుకుంది. గడప మీద బూట్లు తుడుచుకుని లోపలికి వెళ్లాడు.