ఎస్తేరు అడిగిన తాళంచెవి

2022 జూలై 4, సోమవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు ఎస్తేరు మా స్కూలు ఆఫీసు గదిలోకి వచ్చింది. పదింటికి రావలసిన మనిషి. మొదటి రోజే ఇరవై నిమిషాలు ఆలస్యమని డైరీలో రాసుకున్నాను. ఇవాళ పొద్దున మిక్సీ మోటారు కాలి వంటిల్లంతా వార్నిష్ మాడిన వాసన నిండేసరికి ఆ డైరీ మళ్ళీ బయటికి తీశాను. ఆమె భుజానికి వేలాడే ఖాకీ సంచి ఎప్పుడూ ఆ వాసనే కొట్టేది.

అప్పుడు నేను హుజూరాబాద్ దాటాక వచ్చే ఒక చిన్న ఊళ్ళో జిల్లా పరిషత్ హైస్కూలుకు ప్రధానోపాధ్యాయినిని. ఆ ఏడాదే మా స్కూలుకు వృత్తి విద్య కింద ఎలక్ట్రికల్ పని ఇచ్చారు. తొమ్మిది, పది తరగతుల్లో రెండేళ్ళు నేర్పాలి. చివర బయటినుంచి ఒక పరీక్షాధికారి వస్తాడు. ఆయన ముందు పిల్లలు పని చేసి చూపిస్తే సర్టిఫికెట్. నేర్పడానికి ఒక ఏజెన్సీ ఒప్పందం మీద పంపిన శిక్షకురాలు ఎస్తేరు. ముప్పై రెండేళ్ళ మనిషి, ఆసిఫాబాద్ వైపు మెథడిస్టు కుటుంబం. తండ్రి మోటార్లకు వైండింగ్ చేసేవాడు, ఆయన పక్కన కూర్చునే పని నేర్చింది. ఆలస్యమెందుకైందని అడిగితే, బస్సు దారిలో ఆగిపోయిందని, సెల్ఫ్ వైరు ఊడిపోతే తానే కలిపి వచ్చానని చెప్పింది. నేను నమ్మలేదు. మర్నాడు అదే బస్సు కండక్టర్‌ను అడిగాను. నిజమేనట. డైరీలో ఆలస్యాన్ని మాత్రం కొట్టెయ్యలేదు.

జూలై 20న పనిముట్ల పెట్టె వచ్చింది. టెస్టర్లు పన్నెండు, కటింగ్ ప్లయర్లు పన్నెండు, స్క్రూడ్రైవర్లు ఇరవై నాలుగు, సుత్తెలు నాలుగు, కరెంటు కొలిచే మీటర్లు ఆరు. మొత్తం యాభై ఎనిమిది. అన్నీ పనిచేస్తున్నాయో లేదో చూడాలని ఎస్తేరు ఆరు మీటర్లలోనూ సెల్లులు వేసింది. నేను లెక్కపెట్టి, స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించి, పెట్టెకు తాళం వేసి, చెవిని నా పర్సులో పెట్టుకున్నాను. అంతకుముందు పనిచేసిన స్కూల్లో మైక్రోస్కోపు కటకం ఒకటి పోతే సంజాయిషీ ఇచ్చుకోవడానికి ఏడుసార్లు కరీంనగర్ తిరిగినదాన్ని. ఎనిమిదోసారి తిరిగే ఉద్దేశం నాకు లేదు. మన బడుల్లో వస్తువు వాడకుండా పాడైతే ఎవరూ అడగరు. వాడితే పోయిందా, సంతకం పెట్టిన మనిషి పీకల మీదికి వస్తుంది.

అయినా నేను న్యాయంగానే ఉన్నాననుకున్నాను. తరగతి మొదట్లో యాభై ఎనిమిదీ లెక్కపెట్టి తీసుకోవాలి, గంట కొట్టకముందే లెక్కపెట్టి అప్పగించాలి అన్నాను. ఒకరోజు గడియారం పెట్టి చూశాను. తీయడానికి తొమ్మిది నిమిషాలు, పెట్టడానికి పదకొండు. పీరియడే నలభై నిమిషాలు. ఎస్తేరు వాదించలేదు. మర్నాటి నుంచి తాళంచెవి అడగడమే మానేసింది.

ఆమె నేర్పినదంతా తన సంచితోనే. ఊళ్ళో కాలిపోయిన ఫ్యాన్లు, తిరగని మోటార్లు పిల్లల చేత మోయించుకు వచ్చేది. వరండా నిండా రాగి తీగ ముక్కలు, నల్లటి నూనె మరకలు. ఊడ్చే ఆయమ్మ రోజూ నాకు మొరపెట్టుకునేది. నేను పోయి విసుక్కునేదాన్ని. పిల్లలు లేచి నిలబడేవాళ్ళు, ఎస్తేరు మాత్రం కూర్చునే ఉండేది, రెండు చేతుల్లో రెండు తీగలు పట్టుకుని. ఒకసారి అలాగే విసుక్కుంటుంటే నా చేతికి టెస్టర్ ఇచ్చి, స్విచ్ బోర్డులో పెట్టి చూడమంది. నాకప్పుడు యాభై తొమ్మిదేళ్ళు, అప్పటిదాకా టెస్టర్ ముట్టుకోలేదు. పిల్లల ముందు ఆ మాట ఒప్పుకోవలసి వచ్చింది.

"పట్టుకోండ్రి మేడం, ఏం గాదు," అంది. "ఇరవై నాలుగు మంది పట్టిండ్రు, ఒక్కలు సుత చావలే."

పిల్లలు నవ్వారు. నేను పట్టుకున్నాను. టెస్టర్‌లో చిన్న ఎర్ర దీపం వెలిగింది. ఆఫీసు గదికి వచ్చాక ఎవరూ లేకుండా చూసి మరో రెండు స్విచ్ బోర్డుల్లో పెట్టి చూశాను. ఇది డైరీలో రాయలేదు.

ఆ ఇరవై నాలుగు మందిలో చేయి తిరిగిన పిల్ల సునీత. తండ్రి మరమగ్గాల షెడ్డులో పనిచేసేవాడు. ఆ మగ్గాలను అక్కడ సాంచెలంటారు. పదో తరగతి కాగానే పిల్లను నూలు కండెలు చుట్టే పనిలో పెట్టాలని ఆయన ఆలోచన. ఆయన దగ్గరికి ఎస్తేరు నాలుగుసార్లు తిరిగి ఒక మాట తెచ్చింది. సర్టిఫికెట్ చేతికొస్తే కాలేజీలో ఎలక్ట్రికల్ చదివిస్తాడు, లేకపోతే లేదు.

అందుకే కాబోలు, పరీక్ష దగ్గరపడేకొద్దీ తాళంచెవి కోసం మళ్ళీ నా వెంటపడింది. మొత్తం ఐదుసార్లు అడిగింది. తేదీలు నా దగ్గరున్నాయి. ప్రతిసారీ అదే మాట. "జర పెట్టె తెరువుండ్రి మేడం. మీటర్ల సెల్లులు తీసి పెట్టాలె, లేకుంటె కారుతయి." తనిఖీ అయ్యాక చూద్దామన్నాను. తనిఖీలు మూడు జరిగాయి. మూడుసార్లూ వచ్చినవాళ్ళు పెట్టె మూత ఎత్తి, అట్టపెట్టెలు లెక్కపెట్టి, సంతకం చేసి వెళ్ళారు. కొరత అన్న గడిలో మూడుసార్లూ సున్న. ఆ సున్నలు చూసి నేను సంతోషించాను కూడా.

2024 ఫిబ్రవరి 13, మంగళవారం పరీక్ష. పెట్టె వచ్చి ఐదువందల డెబ్బై మూడు రోజులు. పరీక్షాధికారి మంచివాడే, నిబంధనల మనిషి. స్కూలు పనిముట్లతోనే చేయించాలన్నాడు. నేనే తాళం తీశాను. మొదటి మీటరు వెనక మూత తీస్తే లోపలంతా తెల్లటి పొడి, పచ్చటి తుప్పు. రెండోదీ అంతే. ఆరింటికి ఆరూ. ఎస్తేరు తన సంచిలోని మీటరు తీసి ఆయన ముందు పెట్టింది. అది స్టాకులో లేదు కనుక కుదరదన్నాడు. నేనైనా ఆ మాటే అనేదాన్ని. ఇరవై నాలుగు మందికీ పరీక్ష జరగలేదని రాసి నాలుగు గంటల బస్సుకు వెళ్ళిపోయాడు.

మర్నాడు నేను జిల్లా కార్యాలయానికి ఉన్నదున్నట్టు రాశాను: తాళంచెవి నా దగ్గరుంది, శిక్షకురాలు ఐదుసార్లు హెచ్చరించింది, తప్పు నాది. 20వ తేదీన ఆ కాగితం తిరిగొచ్చింది. ఫార్మాట్‌లో లేదట. వాళ్ళ ఫార్మాట్‌లో పనిముట్ల సంరక్షణ బాధ్యత అన్న గడి ఒకటుంది, అక్కడ శిక్షకుల పేరే రాయాలట. శుక్రవారం, అంటే 23లోగా సరిగ్గా పంపితే పిల్లలకు మళ్ళీ పరీక్ష, లేకపోతే లేదు. ఫోను చేసి వాదించాను. నిజం రాస్తానంటే గడి ఒప్పుకోదంటారేమిటని అరిచాను కూడా. అవతలి గుమాస్తా నా మాట పూర్తిగా విని, ఫార్మాట్ చూసుకోండి మేడం అన్నాడు.

గురువారం సాయంత్రం ఆ కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటే ఎస్తేరు వచ్చి ఎదుటి కుర్చీలో కూర్చుంది.

"నా పేరే రాయుండ్రి మేడం."

"నీ నౌకరి పోతది."

"నాకు సంచున్నది. పోరగాండ్లకేమున్నది?"

రాశాను. ఆమె పేరు రాసి, కింద నా సంతకం పెట్టాను. మార్చి 31తో ఆమె ఒప్పందం ముగిసింది, మళ్ళీ పొడిగించలేదు. ఏప్రిల్ 30న నేను పదవీ విరమణ చేశాను. నాకు శాలువా కప్పారు.

జూన్ 20న మళ్ళీ పరీక్ష పెట్టారు. పిల్లలను పోగుచెయ్యడానికి నాలుగు రోజుల ముందే నేను ఇల్లిల్లూ తిరిగాను. ఎనిమిది మంది అప్పటికే పనులకు ఊరు దాటిపోయారు. సునీత ఇంట్లోనే ఉంది. తండ్రి కుర్చీ వేసి, చాయ్ తెప్పించి, పిల్లను తోలుకపొమ్మన్నాడు, మాట తప్పనన్నాడు. సునీత గుమ్మంలో నిలబడి కదల్లేదు.

"ఎస్తేరు మేడంను ఆగం చేస్తె వచ్చిన పరీక్ష అది," అంది. "నాకొద్దు మేడం."

తండ్రి కోప్పడ్డాడు. నేను బతిమాలాను. నీ కోసమే ఆమె ఆ పని చేసిందని కూడా చెప్పాను. సునీత వినలేదు. ఆ మొండితనం ఎవరి దగ్గర నేర్చిందో నాకు తెలుసు.

ఇప్పుడు నా వయసు అరవై మూడు. ఏ బడికి పోయినా మొదట తాళం వేసిన బీరువా ఎక్కడుందని అడుగుతున్నాను. అది తెరిచేదాకా అక్కడివాళ్ళను విసిగిస్తున్నాను. మా స్కూల్లో నా తర్వాత వచ్చిన కొత్త హెడ్‌మాస్టర్‌తోనూ అదే చెప్పాను: విరిగినా పోయినా సంజాయిషీ నేను రాసిస్తాను, పిల్లలను వాడనివ్వండి అని. ఆయన చాలా మర్యాదగా విన్నాడు. తాళంచెవి తీసి జేబులో వేసుకుని, ఆడిట్ అయ్యాక చూద్దాం మేడం అన్నాడు.

పోయినవాటి లెక్క ఇది. మీటర్లు ఆరు. పరీక్షకు రానివాళ్ళు తొమ్మిది మంది; వచ్చిన పదిహేను మందీ నెగ్గారు. శిక్షకురాలు ఒకరు, ఆమె స్థానంలో ఇంతవరకు ఎవరూ రాలేదు. కాలేజీలో సీటు ఒకటి.