ఫోన్లో చుట్టిన మోటరు

తాహెరా బేగం వరంగల్‌లో ఐటీఐ టీచరు. కాలిపోయిన మోటర్లకు కొత్త రాగి తీగ చుట్టడం నేర్పుతుంది. లాక్‌డౌన్‌లో ఐటీఐకి తాళం పడ్డప్పుడు క్లాసులు ఫోన్లో చెప్పమన్నారు. "చెయ్యి పట్టి నేర్పే పని ఫోన్ల ఎట్ల నేర్పాలె?" అని మొదట తల పట్టుకుంది. అయినా ఊరుకోలేదు. వంటింట్లో పాత మోటరు విప్పి పెట్టుకుని, బిడ్డ ఆఫ్రీన్ చేత ఫోను పట్టించి పాఠం మొదలుపెట్టింది.

స్టూడెంట్లందరూ వీడియోలో కనపడ్డారు గానీ ములుగు అవతలి అడవి పల్లెలో ఉండే లావణ్య కనపడలేదు. ఆ ఊళ్లో మామూలు కాల్‌కే సిగ్నల్ అంతంతమాత్రం, వీడియో సంగతి దేవుడెరుగు. అందుకని ఆ పిల్లకు విడిగా ఫోన్ చేసి, నోటిమాటతోనే పాఠం చెప్పేది.

ఒకనాడు లావణ్యే చేసింది. "మేడం, మా బాయికాడి మోటరు కాలింది. వరి పొట్ట మీదున్నది, నీళ్లు లేకుంటే ఎండుతది. షాపులన్ని బంద్."

"నువ్వున్నవు గద బిడ్డా. నువ్వే చుట్టు."

తండ్రి మొండయ్య ఫోన్ అందుకున్నాడు. "పిల్ల ఇంక నేర్సుకుంటనే ఉన్నది మేడం. ఖరాబైతే?"

"ఫికర్ జెయ్యకు అన్నా. నా జిమ్మేదారి."

తాహెరా భర్త ఖాజా పాషా ఎరువుల బండి నడుపుతాడు. లాక్‌డౌన్‌లోనూ ఆ బండిని ఆపేవాళ్లు లేరు. పాత తీగ మందం అడిగి తెలుసుకుని, అదే మందం కొత్త తీగను తాహెరా ఆ బండిలో యూరియా బస్తాల నడుమ పెట్టి పంపింది. లావణ్య ఫోను స్పీకర్లో పెట్టుకుని, మేడం చెబుతుంటే ఒక్కో కాయిల్ చుట్టి కూర్చింది.

స్విచ్ వేస్తే మోటరు గుంయ్‌మని మోగింది గానీ నీళ్లు రాలేదు. ఆ మోత ఫోన్లో విని తాహెరా వరంగల్ నుంచే అరిచింది. "బంద్ చెయ్! మూలుగుతాంది గని తిరుగుతలేదు. ఏదో కాయిల్ ఉల్టా కలిసింది. అది యాడుంటదంటే..."

"చెప్పకుండ్రి మేడం. నేనే ఎతికి పట్టుకుంట."

ఫోన్ కట్టయింది. బియ్యం కడుగుతున్నా తాహెరా చెవి ఫోన్ మీదే ఉంది. పొద్దుగూకే ముందు మోగింది. ఎత్తితే మాటల్లేవు, దబదబా నీళ్లు పడే చప్పుడు. ఆ వెనక మొండయ్య కేక: "పారుతాంది మేడం! మడి తడుస్తాంది!"

తాహెరా కొంగుతో కళ్లొత్తుకుని, ఫోన్ తెచ్చి ఖాజా పాషా చెవికి ఆనించింది. "ఇను. నా స్టూడెంట్ చుట్టిన మోటరు" అంది.

ఐటీఐ తెరిచాక, ఉల్టా కాయిల్‌ను ఎట్లా పట్టుకోవాలో క్లాసుకు చెప్పమని లావణ్యను ముందుకు పిలిచింది. తను పోయి వెనక బల్ల మీద పిల్లల మధ్య కూర్చుంది.

"జర గట్టిగ చెప్పు బిడ్డా," అంది, "ఎనుకకు ఇనపడాలె."