ఫ్లాస్కులో ఏం పోద్దాం?

జనవరి నాలుగో తేదీ, ఆదివారం. ఆ రోజు మొదటి ఆశ్చర్యం మా నాయన గొంతు. సెలవు రోజు నేను ఆలస్యంగా లేస్తే గుమ్మంలోంచే కేకలేసే మనిషి, ఆ పొద్దున మంచం పక్కన కూర్చుని, నా భుజం మీద చెయ్యి వేసి, “లెయ్యమ్మా” అన్నాడు. ఆయన అంత మెల్లగా మాట్లాడగలడని నాకు తెలియదు. ఏదో జరిగిందని ఆ మెల్లదనంతోనే అర్థమైంది.

“మీ బాటనీ సారు పోయినాడంట. రాత్రి నిద్రలోనే. మసీదు మైకులో చెప్పినారు” అన్నాడు.

మార్కాపురంలో మా డిగ్రీ కాలేజీలో చదివినవాళ్లకు ఆయనెవరో చెప్పనక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం రాస్తున్నాను. సారు చెట్ల గురించి పాఠం చెప్పేవారు. చలికాలంలో నెలకోసారి, శనివారం సాయంత్రం, కొందరు విద్యార్థులను రైల్లో కంభం తీసుకెళ్లి అక్కడి గుట్టలు ఎక్కించేవారు. రాత్రి పైన బండ మీద పడుకుని, ఆదివారం పొద్దున దిగి రావడం. మా తెలుగు మేడం కూడా తోడు వచ్చేవారు కాబట్టి ఇళ్లలో ఆడపిల్లలను పంపేవాళ్లు. నాది బీఏ తెలుగు. మొక్కలకూ నాకూ ఏ సంబంధమూ లేదు. అయినా కొండ మీద తెల్లవారడం చూసి, దానికి తెలుగులో ఎన్ని మాటలున్నాయో ఏరుకోవాలనుంది, నేనూ వస్తానని అడిగాను. సారు నన్ను కిందినుంచి పైదాకా చూసి, “రామ్మా. మాటలు బరువుండవు గదా, నీ బ్యాగులో చోటుంటాది. ఫ్లాస్కు నువ్వు మొయ్యి” అన్నారు.

అట్లా ఫ్లాస్కు నా వీపు మీదికి వచ్చింది. ఆ ఫ్లాస్కుతోపాటు సారుకు అత్యంత ప్రియమైన తగువు కూడా వచ్చింది.

గుట్ట మీద మంట వేయకూడదన్నది ఆయన నియమం. ఎండిన గడ్డి ఒక్క నిప్పురవ్వకు ఎంత దూరం అంటుకుంటుందో చిన్నప్పుడు గిద్దలూరు వైపు కళ్లారా చూశారట. కాబట్టి పైన వేడిగా ఏం తాగాలన్నా కిందినుంచి మోసుకెళ్లాల్సిందే. దుప్పట్లు, టార్చిలైట్లు, మంచినీళ్ల గురించి సారు రెండు ముక్కల్లో తేల్చేసేవారు. ఫ్లాస్కులో ఏం పోయాలన్న దగ్గర మాత్రం పార్లమెంటు నడిచేది.

ఆ పార్లమెంటు బయలుదేరడానికి ముందు రోజు, శుక్రవారం, బాటనీ ల్యాబులో జరిగేది. గెలిచినదాన్ని శనివారం మళ్లీ కాచి తీసుకెళ్లేవాళ్లం. ఎవరు ఏం తీసుకెళ్దామంటారో వాళ్లు పొద్దున్నే ఇంట్లో కాచి, ఫ్లాస్కులో పోసి, మూత బిగించి తెచ్చి బల్ల మీద పెట్టాలి. సాయంత్రం క్లాసులు అయ్యేదాకా ముట్టుకోకూడదు. వేడివేడిగా రుచి చూసి ఎంచుకుంటే మోసపోతామనేవారు. “పొయ్యి మీద అన్నీ మంచివే. ఫ్లాస్కులో పూట గడిచినాక దాని గుణం బయటపడతాది” అనేవారు.

మొదటిసారి నేను అల్లం టీ తెచ్చాను. చక్కెర బదులు బెల్లం వేస్తే ఘనంగా ఉంటుందనుకున్నాను. సాయంత్రం మూత తీసేసరికి పాలు విరిగి, పైన నీళ్లు, కింద ముద్దలు. సారు గ్లాసులోకి వంచి, గట్టివీ పలుచనివీ వేరువేరుగా పడుతుంటే చాలా శ్రద్ధగా చూశారు.

“పన్నీరు తెచ్చినావు. మంచిదేనమ్మా. రొట్టెలు ఎవరు తెచ్చినారు?”

ల్యాబంతా నవ్వు. నాకు ఏడుపొచ్చింది. ఆయన అది గమనించి, ఆ నీళ్లలాంటిదాన్ని ఒక గుక్క తాగి, “అల్లం మాత్రం మంచిది” అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని మరుసటి నెల మళ్లీ వచ్చాను.

నా స్నేహితురాలు కరుణది యర్రగొండపాలెం దగ్గర పల్లె. ఆమె రాగిజావ తెచ్చింది. పొద్దున జారుగా ఉన్నది సాయంత్రానికి గడ్డకట్టుకుపోయింది. ఫ్లాస్కు తలకిందులు చేసినా ఒక్క చుక్క రాలేదు. కరుణ దాని వెనక దబదబా తట్టడం మొదలుపెట్టింది. “తట్టకు తల్లీ, ఇంకా బాగా నిద్రపోతాది” అన్నారు సారు. ఇంకొకరు ఉలవకట్టు తెచ్చారు. అది నిజంగా బాగుంది. అందరం రెండోసారి పోయించుకున్నాం. సారు కూడా గ్లాసు నాకినంత పని చేశారు. చివరికి మాత్రం తల అడ్డంగా ఊపారు.

“ఎందుకు సార్? అందరికీ నచ్చింది గదా!”

“నచ్చింది కాబట్టే. ఇది కడుపులో పడినాక అన్నం అడుగుతాది. కొండ మీద నేను అన్నం యాడనుంచి తేవాల?”

ఎక్కువసార్లు గెలిచేది పాలు లేని టీయే. నిమ్మకాయ పైకి వెళ్లాకే పిండాలి, ముందే పిండితే చేదెక్కుతుంది. పోసే ముందు ఫ్లాస్కు నిండా వేడినీళ్లు పోసి కాసేపుంచి పారబోయాలి. దాన్ని ఆయన “ఫ్లాస్కుకు స్నానం” అనేవారు. నాలుక చెప్పినట్టు కాకుండా కాళ్లు చెప్పినట్టు ఎంచుకోమనేవారు. ఎక్కేటప్పుడు ఆయాసానికి నాలుక నోరు మూసుకుంటుందట, అప్పుడు కాళ్లు ఏది అడిగితే అదే తీసుకెళ్లాలట. పుస్తకాల్లో అందమైన వాక్యాల కోసం వెతుక్కునే నాకు, మనుషులు మామూలుగా మాట్లాడుతూనే ఇట్లాంటివి అనేస్తారని ఆ ల్యాబులోనే తెలిసింది.

ఒకసారి దిగేటప్పుడు అడిగారు. “సలసల కాగేదానికి, చల్లగా అయిపోయినదానికి నడుమ మీ తెలుగులో ఎన్ని మెట్లున్నాయమ్మా?”

“గోరువెచ్చన ఉంది సార్. ఇంకా కొంచెం తగ్గితే నులివెచ్చన.”

“నులివెచ్చన” అని రెండుసార్లు అనుకున్నారు. అది ఎందుకు అడిగారో అప్పుడు నేను అడగలేదు.

ఇంకో అలవాటు చెప్పాలి. కొండ మీద తెల్లవారగానే నేను అందరికీ కప్పుల్లో పోసేదాన్ని. సారు తన కప్పు తీసుకుని ఒక పెద్ద గుండురాయి చాటుకు పోయేవారు. ఆ వేళకు నమాజు చేసుకుంటారు కాబట్టి మేమెవరం అటు పోయేవాళ్లం కాదు. తిరిగొచ్చేసరికి కప్పు ఖాళీ. “ఎట్లుంది సార్?” అంటే, “కొండ మీద ఏదైనా బాగానే ఉంటాది. సోమవారం చెప్తా” అనేవారు. సోమవారం క్లాసులో తీర్పు వచ్చేది. మిరియం ఎక్కువైందనో, యాలక్కాయ వాసన తప్ప ఏం మిగల్లేదనో. అంత సూక్ష్మంగా ఆ నాలుక ఎట్లా పట్టేదో అని ఆశ్చర్యపోయేవాళ్లం.

డిసెంబరు చివర్లో ఎక్కిన గుట్టే ఆఖరుది. ఆసారి ల్యాబులో నా పానీయం గెలిచింది. దర్శి నుంచి మా మేనత్త పంపిన తాటిబెల్లం, సొంఠి, దంచిన మిరియాలు వేసి మరిగించిన కాఫీ. పాలు లేవు కాబట్టి విరిగే భయం లేదు. పైన పొద్దున సారుకు నిండుగా పోశాను. గుండు చాటుకు పోయి వచ్చారు. “ఇంకొంచెం సార్?” అన్నాను ఉత్సాహంగా. “పొయ్యమ్మా. నిండుగా పొయ్యి” అని మళ్లీ అటే పోయారు. కొండ మీద ఆయన రెండోసారి పోయించుకోవడం అదే మొదలు. నేను గాల్లో తేలుతూ కొండ దిగాను. ఆ తర్వాత సెలవులు. తీర్పు రావలసిన సోమవారానికి ముందు రోజే సారు పోయారు.

ఆ ఆదివారం కరుణా నేనూ సారువాళ్లింటికి వెళ్లాం. వాకిట్లో షామియానా కింద ఇద్దరు పెద్దమనుషులు మాట్లాడుకుంటున్నారు.

“షుగరు మనిషి గదప్పా. జాగ్రత్తగా ఉండొద్దూ?”

“యాడ జాగ్రత్త? పిల్లకాయల్ని ఏసుకొని కొండలెక్కి, వాళ్లు ఏం పోస్తే అది తాగుతాడంట.”

సారుకు షుగరని నాకు తెలియదు. ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. కరుణ చెయ్యి పట్టుకుని పక్కకు లాగాను. విషయం విని, “పిచ్చా నీకు? వారం కింద తాగిన కాఫీకి ఇప్పుడేమవుతాది?” అంది. వెంటనే ఆమే గొంతు తగ్గించి, “ఎంత బెల్లం ఏసినావే?” అని అడిగింది. ఆ ప్రశ్నతో నాలో మిగిలిన ధైర్యం కూడా పోయింది.

ఆ తర్వాతి రోజులు ఎట్లా గడిచాయో పెద్దగా రాయను. సారును గురించి నాలుగు మాటలు రాసిమ్మని తెలుగు మేడం అడిగారు. కాగితం ముందు కూర్చుంటే ఒక్క మాట రాలేదు. ఆయనకు ఎంతో రుణపడి ఉన్నానని రాయబోయినప్పుడల్లా, రెండో కప్పు పోస్తున్న నా చెయ్యే కనపడేది. నేను అన్నం సరిగా తినడం లేదని నాయన పట్టుకున్నాడు. అడిగితే చెప్పేశాను. ఆయన నన్ను ఓదార్చలేదు.

“పోయి ఆయమ్మనే అడుగు. ఆ ఇంట్లోవాళ్లు కాకపోతే ఇంకెవరు చెప్తారు?” అన్నాడు.

అందుకని ఈ మధ్యాహ్నం సారు భార్య దగ్గరికి వెళ్లాను. మేమంతా ఆమెను ఖాలా, అంటే పిన్ని, అని పిలుస్తాం. వాళ్ల ఆచారం ప్రకారం భర్త పోయాక నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు కాబట్టి లోపలి గదిలో మంచం మీద కూర్చుని ఉన్నారు. నన్ను చూసి, “రా బేటీ, కూచో. ఏంది, ఇంత సన్నబడినావు?” అన్నారు. దుఃఖంలో ఉన్న మనిషి నన్ను పరామర్శిస్తుంటే ఇక ఆగలేకపోయాను.

“ఖాలా, సారుకు షుగరుండిందా?”

“ఉండె. శానా ఏళ్లాయె.”

“నాకు తెలీదు ఖాలా. నేను తాటిబెల్లం ఏసి కాఫీ చేసినా. ఒకటి చాలక రెండు కప్పులు పోసినా. నావల్లనే సారు...”

ఖాలా కనుబొమలు దగ్గరికొచ్చాయి. “ఏ కాఫీ? నల్లగా, సొంఠి ఘాటుగా, అడుగున మిరియాలు తగిలే కాఫీనా?”

“అదే.”

“అది ఆయన యాడ తాగినాడే? తాగింది నేను!”

ఆమె దిండు పక్కకు జరుపుకుని నింపాదిగా చెప్పారు. పెళ్లయిన కొత్తలో ఆమె కూడా సారుతో ఆ గుట్టలు ఎక్కారు. తర్వాత మోకాళ్లు పట్టేశాయి. అప్పటినుంచి సారు బ్యాగులో అరచేతంత ఫ్లాస్కు ఒకటి ఉండేదట. గుండు చాటున నమాజు అయ్యాక తన కప్పు అందులో వంచుకుని, ఇంటికి తెచ్చి ఖాలాకు ఇచ్చేవారట. తాను మాత్రం కంభం స్టేషను దగ్గర చక్కెర లేని టీ తాగి వచ్చేవారు.

“మరి రెండో కప్పు?”

“ఈసారి ఎక్కువ తెమ్మని నేనే పోరినా. ఎప్పుడూ గుక్కెడే తెస్తావు, పిసినారోడా అన్నా.”

“అయితే సోమవారం సారు చెప్పే తీర్పులన్నీ...”

“నాయే! ఆయనకు సొంఠికీ పసుపుకూ తేడా తెల్దు బేటీ. చెట్టు చూపిస్తే పేరు చెప్తాడు. కూర పెడితే ఏం కూరో చెప్పలేడు.” ఆ మాట అంటూనే ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకున్నారు.

“ఆయన్ను తీసుకుపోయింది గుండె బేటీ. రెండేళ్ల కిందనే ఒంగోల్లో డాక్టరు చెప్పినాడు, ఎప్పుడేమైనా కావచ్చని. కొండలు మానమన్నాడు. ఆయన మాననన్నాడు. నేను కూడా మానమని అనలే. మానుకొని ఆ కుర్చీలో కూచుంటే ఎట్లుంటాడో నాకు తెలుసు. షుగరంటావా, పండుకునే ముందు నేనే చూసినా. బాగానే ఉండె. ఎవరో ఏదో అన్నారని ఇన్ని దినాలు మోసుకొని తిరిగినావా?”

తలూపాను. గుండెల మీదినుంచి ఒక బండ జరిగిపోయినట్టయింది. ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు. సారు లేని బాధ అట్లాగే ఉంది. కానీ ఇప్పుడది శుభ్రమైన బాధ. దానిలో ఆయన తప్ప వేరే ఏమీ లేదు. ఇంటికి రాగానే ఇదంతా రాయగలుగుతున్నది అందుకే.

లేవబోతుంటే ఖాలా ఆపారు. “నీ కాఫీకి నేనేమన్నానో అడగవా? సోమవారం నీకు చెప్తానన్నాడు ఆయన.”

“చెప్పండి ఖాలా.”

“సొంఠి బాగా పడింది. మిరియం సరిపోయింది.” నావైపు వేలు ఆడించారు. “బెల్లం తక్కువ.”

ఇద్దరం మళ్లీ నవ్వాం. పక్కగదిలోంచి ఖాలా చెల్లెలు ఏమైందోనని తొంగిచూసింది.

నవ్వు ఆగాక ఖాలా కిటికీ వైపు చూస్తూ అన్నారు. “ఇన్నేళ్లు మీరు కాచినవన్నీ నేను తాగినా. కానీ కొండెక్కి, దిగి, రైలెక్కి నా దగ్గరికొచ్చేసరికి ఎప్పుడూ చల్లారిపోయేవి. అదేమంటే, చల్లారలేదు, నులివెచ్చన అనేవాడు. ఒక్కటన్నా పొయ్యి మీదినుంచి దించింది దించినట్టు తాగలే.”

రేపు పొద్దున్నే తాటిబెల్లం, సొంఠి తీసుకుని కరుణా నేనూ ఖాలా ఇంటికి పోతాం. ఆమె వంటింట్లోనే, ఆమె పొయ్యి మీదే కాస్తాం. ఈసారి ఫ్లాస్కు పని లేదు. గ్లాసు వట్టి చేత్తో ముట్టుకోలేనంత వేడిగా ఉండాలని గట్టిగా చెప్పారు. కొంగు మడతపెట్టి పట్టుకుంటారట.