ఊరికి పెళ్లిచూపులు

మా ఇంట్లో మెక్సికో ప్రస్తావన మొదలైంది ఫిబ్రవరిలో, గరాజ్ తలుపు మంచుకు అతుక్కుపోయి ఎంతకీ తెరుచుకోని ఒక ఉదయం. మిషిగన్ రాష్ట్రంలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో అది మాకు ఇరవై ఎనిమిదో శీతాకాలం. కార్ల కంపెనీ బ్రేకుల విభాగం నుంచి నేను రిటైరై అప్పటికి నాలుగు నెలలు. ఉద్యోగకాలమంతా ఇతరుల బండ్లు ఆపడానికి పాటుపడ్డవాణ్ణి, ఇక నేను కదలాలని నిశ్చయించుకున్నాను.

"మెక్సికో నడిమధ్య కొండల మీద ఒక చిన్న ఊరుంది. ఏడాదంతా మన మదనపల్లె వాతావరణమట" అన్నాను నా భార్యతో.

"వాతావరణం సంగతి అలా ఉంచండి. అక్కడ నేను ఒక్కదాన్నే నడిచి బజారుకెళ్ళి కూరగాయలు తెచ్చుకోవచ్చా?"

నన్ను 'నువ్వు' అనమని ముప్పై అయిదేళ్లుగా ఆమెతో వాదిస్తున్నాను. ఒప్పుకోదు. 'మీరు' అంటూ తిడితేనే బాగా తగులుతుందని ఆమె అనుభవం. ఆమెకు డ్రైవింగ్ రాదు. మా ఇంటికి అతి దగ్గర దుకాణం రెండు మైళ్ళు. మధ్యలో పన్నెండో మైలు రోడ్డని పిలిచే పెద్ద రహదారి. ఆ రోడ్డు పక్కన నడిచే బాట కొంతదూరం ఉంటుంది, తర్వాత ఎవరికో కోపం వచ్చినట్టు ఆగిపోతుంది. ఇరవై ఎనిమిదేళ్లలో ఆమె ఎవరో ఒకరి కారెక్కకుండా ఎక్కడికీ వెళ్ళలేదు. ఆమెకు కావలసింది ఎండ కాదు, తన కాళ్ళ మీద తాను గడప దాటడం. ఆ మాట ఆమె స్పష్టంగానే చెప్పింది. నేనూ స్పష్టంగానే విన్నాను. విని, నా ప్రశ్నల పట్టికలో ముప్పై ఏడో ప్రశ్నగా రాసుకున్నాను, 'ఇతర అంశాలు' అన్న శీర్షిక కింద.

మిగిలిన ముప్పై ఆరూ ఘనమైన ప్రశ్నలు. తాగునీరు, భూకంపాలు, ఆసుపత్రి ఎంత దూరం, కరెంటు ఎన్నిసార్లు పోతుంది, నివాస పత్రాలకు ఎన్ని నెలలు పడుతుంది. నమ్మేముందు పరిశీలించాలని పద్దెనిమిదో ఏట నుంచీ వేదికలెక్కి చెబుతున్నవాణ్ణి కదా. ఇల్లు అమ్మి సామాను సర్దుకునే ముందు పది రోజులు వెళ్ళి ఊరు చూసి రావాలని తీర్మానించాను. అంతవరకూ నా ఆలోచనలో తప్పేమీ లేదు. తప్పు ఆ ఆదివారం పాట్‌లక్‌లో జరిగింది.

పాట్‌లక్ అంటే ఒక్కో ఇంటివాళ్ళు ఒక్కో వంటకం తెచ్చి, ఎవరిదో ఒకరి బేస్‌మెంట్‌లో కలిసి తిని, మిగిలినదాన్ని ఎవరివో తెలియని డబ్బాల్లో పంచుకుపోవడం. అక్కడ ఏదైనా నోరు జారితే అది ఊరందరిదీ అవుతుందని తెలిసి కూడా, పులిహోర పెట్టుకుంటూ మెక్సికో మాట అనేశాను. నాతో పదిహేనేళ్లు పనిచేసిన కరీంనగర్ మిత్రుడు పళ్ళెం పక్కన పెట్టేశాడు.

"ఏందన్నా, దేశం మారుతున్నవా? మాకొక్క మాట చెప్పవా?"

"మారడం కాదయ్యా. ముందు చూసిరావడానికి. పది రోజులు."

"పది రోజులు మీరిద్దరే ఏం జేస్తరు? బోర్ కొడ్తది. మేమూ వస్తం. టికెట్స్ నేను బుక్ చేస్త."

అతని పన్నెండేళ్ల కూతురు ఫోన్‌లోంచి తలెత్తింది. "అంకుల్, మీరు ఫర్ రియల్ మెక్సికో వెళ్తున్నావా? అక్కడ బీచ్ ఉందా?"

"లేదమ్మా. కొండలు."

"దెన్ వై?"

ఆ రోజు ఆ బేస్‌మెంట్‌లో వినిపించిన ప్రశ్నల్లో కాస్త హేతుబద్ధమైనది అదొక్కటే.  గులాబ్‌జామూన్ల గిన్నె ఖాళీ అయ్యేసరికి మాతో కలిపి అయిదు కుటుంబాలు బయల్దేరడానికి సిద్ధమయ్యాయి. ఇళ్ళకు చేరేలోపు ఫోన్‌లో గ్రూప్ పుట్టింది. రెండు రోజుల్లో పదిహేను సీట్ల వ్యాన్, ఆరు పడకగదుల అద్దె ఇల్లు, రెండు రైస్ కుక్కర్లు ఖాయమయ్యాయి. ఆ ఊరికి మూడు గంటల దూరంలో ఒక తెలుగు కుటుంబం ఉందని ఎవరో కనిపెట్టారు. వాళ్ళు రెండు పూటలు భోజనానికి పిలిచి, వస్తూ వస్తూ గోంగూర పచ్చడి, ప్రెషర్ కుక్కర్ గాస్కెట్లు నాలుగు, ఒక కరివేపాకు మొక్క తెమ్మన్నారు. మొక్కను సరిహద్దు దాటనివ్వరని నేను గ్రూప్‌లో పెద్ద వ్యాసం రాశాను. దానికి మెచ్చుకోలుగా తొమ్మిది బొటనవేళ్ళ బొమ్మలు వచ్చాయి.

నిజం చెప్పాలంటే నాకు సంతోషమే వేసింది. సభల్లో మాట్లాడటం మరిగిన నోరు నాది. రిటైరయ్యాక వినేవాళ్ళు ఒక్కరే మిగిలారు, ఆవిడ కూడా వినడం మానేసింది. ఇప్పుడు మళ్ళీ సభ దొరికింది.

రెండో సమావేశం కరీంనగర్ మిత్రుడి ఇంట్లో. ప్రయాణం గురువారమని నేను ప్రకటించగానే, ఆరు నెలలకని కొడుకు దగ్గరకు వచ్చి ఉన్న వాళ్ళ నాన్నగారు, రిటైరైన హెడ్మాస్టరు, సోఫాలోంచి ముందుకు జరిగారు.

"గురువారం దక్షిణానికా? వారశూల గదా! ఎట్ల పోతరు?"

నాకు పాత రక్తం పొంగింది. "మాస్టారూ, భూమి గుండ్రంగా ఉంది. ఉత్తరంగా బయల్దేరి ఆగకుండా పోయినా చివరికి మెక్సికో వస్తుంది. అప్పుడు ఆ శూలం ఎటు తిరుగుతుంది? ముప్పై వేల అడుగుల ఎత్తుకి అందుతుందా? ఇదే గురువారం దక్షిణంగా ఎన్ని వందల విమానాలు పోతున్నాయో చూపించమంటారా?" ఇలా ఇరవై నిమిషాలు. చేతులు కూడా ఊపాను.

మాస్టారు ఓపికగా విని, కళ్ళజోడు తుడుచుకున్నారు. "అంతా మంచిగ చెప్పినవు. విమానం ఏడికెళ్ళి?"

"ఇక్కణ్ణుంచి షికాగో. అక్కడ మారి మెక్సికో."

"షికాగో మనకు ఏ దిక్కుల ఉన్నది?"

"పడమర."

"మరింకేంది? ఇంట్ల నుంచి బయలెల్లేది పడమరకు. గురువారం పడమరకు దోషం లేదు. షికాగోల దిగినంక అది వేరే ప్రయాణం. నిశ్చింతగ పోండ్రి."

అందరూ చప్పట్లు కొట్టారు. అంత శుభ్రంగా నేను ఎవరి చేతిలోనూ ఓడిపోలేదు. నేను ఖండించిన శాస్త్రమే నాకు అనుమతి ఇచ్చేసింది, ఇక దేనితో పోట్లాడను?

ఆ గొడవంతా జరుగుతున్నంతసేపూ నా భార్య ఒక మూల కూర్చుని, గ్రూప్‌లో పెట్టిన కార్యక్రమం చదువుతూ ఉంది. తిరిగి వస్తూ కారులో అడిగింది.

"మూడో రోజు పొద్దున ఖాళీగా ఉన్నట్టుంది. ఆ పూట నేను బజారుకి నడుస్తాను."

"అది జలపాతానికి ఇచ్చేశాం."

"అయిదో రోజు?"

"లాయర్ దగ్గరకి. తర్వాత మాల్."

"ఎనిమిదో రోజు?"

"నడుద్దువుగానీలే. అందరం కలిసే నడుద్దాం."

ఆమె కిటికీలోంచి రోడ్డు పక్కన నల్లబడ్డ మంచుకుప్పల్ని చూస్తూ కూర్చుంది. నేను మాస్టారికి చెప్పి ఉండాల్సిన జవాబులు ఆలోచించుకుంటూ నడిపాను.

మూడో సమావేశం శనివారం మధ్యాహ్నం, మా ఇంట్లో. నా భార్య పునుగులు వేసింది. కరీంనగర్ మిత్రుడు తన లాప్‌టాప్‌ని మా టీవీకి తగిలించి, ఊళ్ళో ఏ గంటకు ఎవరు ఏమి పరిశీలించాలో రంగురంగుల గళ్ళలో చూపించాడు. నీళ్ళు ఒకరికి, ఇళ్ళు ఒకరికి, గుడి ఉందేమో ఒకరికి. నా భార్య రెండో వాయి పళ్ళెం తెచ్చి బల్ల మీద పెట్టి, అక్కడే నిలబడింది.

"అన్నీ బాగున్నాయి. స్వీటూ, ఉప్మా ఎవరు పెడుతున్నారు?"

"ఎందుకు వదినా?" అన్నాడు మిత్రుడు.

"పెళ్లిచూపులకి కదా వెళ్తున్నారు. పద్నాలుగు మంది వ్యాన్‌లో దిగి, ఊరిని ముందు కూర్చోబెట్టి, పళ్ళు చూసి, నడిచి చూపించమని, పాట పాడమని అడిగి వస్తారా? వచ్చాక ఉత్తరం రాస్తామంటారా?"

అందరూ పడీపడీ నవ్వారు. నేను కూడా నవ్వాను, కానీ సగంలో ఆగిపోయాను. ఆ మాట ఎవరికి తగలాలో వాళ్ళకే తగిలింది.

గుంటూరులో కాలేజీ రోజుల్లో పెళ్లిచూపులు నా ప్రధాన శత్రువు. కాఫీ ఫలహారాల మధ్య అరగంటలో, పదిమంది ఎదుట తలవంచుకు కూర్చున్న మనిషి గురించి మీకు ఏం తెలుస్తుందని, ఆమెను అందరూ చూస్తారు గానీ ఆమె ఏం చూడాలనుకుంటుందో ఒక్కరైనా అడుగుతారా అని గొంతు చించుకునేవాణ్ణి. ఒక చర్చాపోటీలో చీటీ తీస్తే నాకు ఎదుటి పక్షం ఒక అమ్మాయికి వచ్చింది. ఆమె లేచి ఒక్కటే అడిగింది: "చూపులు వద్దంటున్న ఈ వక్త, పెళ్లయ్యాకైనా భార్యను చూస్తాడని హామీ ఏమిటి?" మొదటి బహుమతి ఆమెకే ఇచ్చారు. మూడేళ్ల తర్వాత పురోహితుడు లేకుండా, దండలు మార్చుకుని, ఆమెనే పెళ్లి చేసుకున్నాను. హామీ సంగతి ఇద్దరం మరిచిపోయామనుకున్నాను.

అందరూ వెళ్ళాక వంటింట్లో గిన్నెలు కడుగుతూ అన్నాను. "అందరి ముందూ అలా అనాలా? ఇదంతా నీ కోసమే కదా చేస్తున్నాను!"

"అవును. నా కోసం డ్రైవింగ్ కూడా మీరే చేశారు."

ఈ దేశం వచ్చిన రెండో ఏడు ఆమె డ్రైవింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టింది. ఒకసారి కారు వెనక్కి తీస్తూ పక్కింటాయన ఉత్తరాల పెట్టెను పడగొట్టింది. ఆయన నవ్వి, మళ్ళీ పాతుకున్నాడు. నవ్వనిది నేను. "నేనున్నానుగా, నీకెందుకు ఈ అవస్థ" అన్నాను. ఎంత ప్రేమగా అన్నానో నాకింకా గుర్తుంది. స్త్రీ స్వేచ్ఛ మీద నేను చేసిన ఉపన్యాసాలన్నీ కలిపినా, ఆ ఒక్క వాక్యం చేసిన పని చెడగొట్టలేవు. అది ఇరవై ఆరేళ్లు పనిచేసింది.

"సరే, గ్రూప్ వద్దు. మనిద్దరమే వెళ్దాం" అన్నాను.

"మీరు పక్కన ఉంటే దారి మీరే అడుగుతారు. బేరం మీరే ఆడతారు. నేను సంచీ పట్టుకుని నిలబడాలి. నాలుగు రోజులు ముందు నేను వెళ్తాను. ఆ ఊరు నాకు నప్పుతుందో లేదో నాకు తెలిసిపోతుంది. తర్వాత మీరు రండి, మీ నీళ్ళూ భూకంపాలూ చూసుకోండి."

"ఒక్కదానివా? ఆ దేశంలో ఏం జరుగుతోందో తెలుసా?"

"ఆధారం చూపించండి."

ఫోన్ తీశాను. ముసుగులేసుకున్న మనుషులు, తుపాకులు, వెనకాల భయంకరమైన సంగీతం. ఆమె పూర్తిగా చూసింది.

"ఇది ఏ ఊరు?"

"తెలీదు."

"ఎప్పటిది?"

"తెలీదు."

"ఎవరు పంపారు?"

"మాస్టారు."

ఆమె ఫోన్ నా చేతికి తిరిగి ఇచ్చేసింది. నాకు నేనే వినిపించాను: నిన్నగాక మొన్న వారశూలను చీల్చి చెండాడిన పెద్దమనిషి, ఇవాళ ఊరూ పేరూ తేదీ లేని వీడియో ముందు వణుకుతున్నాడు. ప్రమాదాలు ఉండవని కాదు. ఆ ఊరి గురించి నేను రెండు నెలలు చదివినదంతా నిదానంగానే ఉంది. ఆమె విషయం వచ్చేసరికి ఆ చదువంతా వదిలేసి భయాన్ని పట్టుకున్నాను. బహుశా భయం కూడా కాదేమో. నేను లేకుండా ఆమెకు నాలుగు రోజులు బాగా గడుస్తాయేమోనన్న అనుమానం.

"భాష?" అన్నాను, చివరి ప్రయత్నంగా.

ఆమె స్పానిష్‌లో ఏదో అంది. వంట చేస్తూ, చెవిలో పెట్టుకుని ఆమె వింటున్నవి పాటలనుకున్నాను. నేను మెక్సికో మాట ఎత్తిన మర్నాటి నుంచీ అవి పాఠాలట. నేను వ్యాకరణం పుస్తకం మూడు అధ్యాయాలు పూర్తిచేశాను, నోట్లోంచి ఒక్క వాక్యం రాదు.

"ఏమన్నావు?"

"కొంచెం తగ్గించి ఇవ్వమ్మా, రేపు మళ్ళీ వస్తాను అన్నాను."

ఆ సాయంత్రమే ఆమె తన టికెట్ తానే కొనుక్కుంది, మంగళవారానికి. ఆమెకు నేనెప్పుడూ నడవా పక్క సీటు తీసుకునేవాణ్ణి. కిటికీ పక్కది తీసుకుంది. నేను కుర్చీ వెనక నిలబడి, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాను, లేకపోతే అవి మౌస్ మీదకి పోతాయి.

మర్నాడు మిత్రుడికి ఫోన్ చేసి మేము గ్రూప్‌లో రావడం లేదని చెప్పాను.

"వదిన ఒక్కతే పోతదా? నువ్వు ఒప్పుకున్నవా అన్నా?"

"నన్నెవరూ అడగలేదయ్యా."

 అతను గొంతు తగ్గించి అన్నాడు. "మా ఆమెకు చెప్పకు."

వెనకనుంచి వాళ్ళావిడ గొంతు వినిపించింది. "స్పీకర్ ఆన్‌లోనే ఉంది."

వాళ్ళు సెలవుల్లో సముద్రం ఉన్న ఊరికి వెళ్ళేలా ప్రయాణం మార్చుకున్నారు. పన్నెండేళ్ల పిల్ల గెలిచింది.

బయల్దేరడానికి రెండు రోజుల ముందు నా భార్య నన్ను కూర్చోబెట్టి చెప్పింది.

"శనివారం మూడింటికి మీ బస్సు ఆ ఊళ్ళో ఆగుతుంది. దిగి, బస్టాండు లోపల బెంచీ మీద కూర్చోండి. కంగారుపడి ఎటూ వెళ్ళకండి, మీకు భాష రాదు. నేనొచ్చి తీసుకెళ్తాను."

"ఎలా వస్తావు?"

"నడిచి. పదిహేను నిమిషాలు."

"నా పెద్ద పెట్టె?"

"వద్దు. మీరు మోసుకుంటూ నడవగలిగినదే తెచ్చుకోండి. రాళ్ళ వీధులట, చక్రాలు పనిచేయవు."

నేను సర్దిపెట్టుకున్న పెట్టె తెరిచి, ప్రశ్నల కట్టతో సహా అన్నీ మంచం మీద కుమ్మరించి, చిన్న సంచీ వెతకడానికి బేస్‌మెంట్‌లోకి దిగాను.