తీతువు గూటి దగ్గర ఇరవై నిమిషాలు

మొన్న ఒక బడి వాళ్ళు వచ్చారు. పిల్లలకు ఓపిక గురించి నాలుగు ముక్కలు చెప్పమన్నారు. పిట్టల ఫోటోలు తీసినవాణ్ణి కదా, నాకంటే ఓపిక ఎవరికుంటుందని వాళ్ళ నమ్మకం. గుడ్ల మీద కూర్చున్న తీతువు ఫోటో ఒకటి నా దగ్గరుంది, అది గోడకు పెట్టుకుంటామన్నారు. ఇవ్వనన్నాను. ముసలాడికి పొగరనుకుంటూ వెళ్ళిపోయారు. అనుకోనీ.

అది ఎనభైల్లో మాట. పత్తికి తెల్లదోమ పట్టి, ఆకుల మీద జిగురు కారి, జిగురు మీద మసి పట్టిన ఏడాది. చిలకలూరిపేటలో నాకో చిన్న స్టూడియో ఉండేది. పాస్‌పోర్టు ఫోటోలు, పెళ్ళిళ్ళు. నా చదువు మూడో తరగతితో ఆగిపోయింది. కెమెరా పుస్తకాలు డిక్షనరీ పక్కన పెట్టుకుని నాకు నేనే కూడబలుక్కున్నాను. ఏ పుస్తకం తీసినా ఒకటే మాట: కదలకు, కాచుకో. ఇంకేం చదవకపోయినా ఆ ఒక్క మాట మాత్రం గుండెల్లో రాసుకున్నాను.

గూడు చూపించింది నా నేస్తం. మూడో తరగతి దాకా నా పక్కనే కూర్చున్నవాడు. తరవాత కూలికి పోయి చేలల్లో మందు కొట్టేవాడు. తీతువు అరిస్తే చావు కబురని ఊళ్ళోవాళ్ళు బెడ్డలు విసిరేవాళ్ళు. వాడు మాత్రం ప్రతి ఆదివారం చర్చికి పోయే మనిషి. "దేవుడు చేసిన పిట్ట చెడ్డదెట్టా అవుద్దిరా?" అనేవాడు. పత్తి మొలవని ఖాళీ జాగాలో, రేగడి బెడ్డల మధ్య, బెడ్డల రంగులోనే నాలుగు గుడ్లు. చుట్టూ నాలుగు పుల్లలు పాతి, కాలు పడకుండా కాపాడాడు.

నేను గోనెసంచులతో ఒక మాటు కట్టుకుని అందులో దూరాను. రెండు పొద్దులు పోయాయి. పిట్ట దూరంగా తిరిగేదే గాని గూటి మీద వాలేది కాదు. వాడు సంచి పక్కకు వచ్చి నవ్వేవాడు.

"ఒరేయ్, పెళ్ళికూతురి ఫోటోకి కూడా ఇంతసేపు కూర్చోలేదు గదరా నువ్వు!"

"పోరా, నీ వాసనకే అది రావట్లా."

నిజంగానే వాడి దగ్గర పురుగుమందు వాసన. స్నానం చేసినా పోదని వాళ్ళావిడ తిట్టేది.

మూడో పొద్దున గాలి తిరిగింది. చేను ఆసామి గట్టు మీద నిలబడి ఉన్నాడు. నా నేస్తం ఆయన్ని అడగడం నాకు వినపడింది.

"గాలి మొహానికి కొడతందండీ. సాయంత్రం కొడతాను."

"దోమ ఆగుద్దా సాయంత్రం దాకా? మొహానికి తువ్వాలు కట్టుకుని కానియ్యి."

ఆసామి వెళ్ళిపోయాడు. వాడు తువ్వాలు కట్టుకుని, పంపు వీపుకు తగిలించుకున్నాడు. సాళ్ళ వెంట పంపు చప్పుడు. టక్కు, టక్కు. తీతువు నెత్తిన తిరుగుతూ ఒకటే గోల. నాకు ఒళ్ళు మండింది. వీడు త్వరగా అవతలికి పోతే బాగుండునని మనసులో తిట్టుకున్నాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ చెయ్యి రాదు.

కాసేపటికి చప్పుడు ఆగింది. మందు కలుపుకోవడానికి డ్రమ్ము దగ్గరకు పోయాడనుకున్నాను. తీతువు గోల కూడా ఆగింది. అది నేల మీద వాలి, నాలుగడుగులు వేసి ఆగి, మళ్ళీ నాలుగడుగులు వేసి, గుడ్ల మీద సర్దుకుని కూర్చుంది. నేను ఊపిరి బిగబట్టాను. ఒకటి తీశాను. వెలుతురు ఇంకాస్త పక్కకు రావాలని ఆగాను. మరొకటి తీశాను. నా ఓపిక ఫలించిందని కళ్ళు చెమర్చాయి కూడా.

బయటికొచ్చి, ఆ ముచ్చట చెప్పాలని కేకేశాను. పలకలేదు. నాలుగు సాళ్ళ అవతల బోర్లా పడి ఉన్నాడు. వీపు మీద పంపు, నోట్లోంచి నురగ.

పిట్ట నా ఓపికకు రాలేదు. మనిషి పడిపోయాడు కాబట్టి వచ్చింది.

ఎద్దుల బండి మీద రోడ్డు దాకా, అక్కణ్ణించి లారీలో పేట ఆసుపత్రికి. బతికాడు. కానీ చేతులకు వణుకు పట్టుకుంది. అది మళ్ళీ పోలేదు. పంపు పట్టలేకపోయాడు, చర్చిలో పాటల పుస్తకం కూడా నిలకడగా పట్టలేకపోయాడు. ఆసామి చూడ్డానికి వచ్చి, "ఓపిక పట్టు, అదే తగ్గుద్ది" అని చెప్పి పోయాడు. గాలి తగ్గేదాకా ఒక్క పూట ఓపిక పట్టలేని మనిషి! ఈ ఓపికను ఎప్పుడూ పడినవాడికే చెబుతారెందుకో.

మరి నేను? ఆయన్ని అనడానికి నాకేం నోరుంది?

ఆసుపత్రిలో కళ్ళు తెరవగానే వాడు అడిగింది, "పిట్ట కూర్చుందిరా?" అని. కూర్చుందన్నాను. అంతకుమించి చెప్పలేదు. వాళ్ళావిడ ఆ ఫోటో పటం కట్టించి, బైబిలు వాక్యాల క్యాలెండరు పక్కన తగిలించింది. "మీరు అక్కడుండబట్టే బతికాడన్నయ్యా" అనేది, నేను వెళ్ళినప్పుడల్లా. ఆ మాట వినలేక వెళ్ళడం తగ్గించాను.

మరుసటేడు మిరపకోతలప్పుడు ఉండబట్టలేక వాడికి చెప్పేశాను. గడప మీద కూర్చుని రెండు చేతులతో గ్లాసు పట్టుకుని టీ తాగుతున్నాడు. అంతా విన్నాడు.

"ఎంతసేపు కూర్చున్నావురా?"

"ఇరవై నిమిషాలు ఉంటుందేమో."

గ్లాసు కింద పెట్టాడు. టీ కాస్త ఒలికింది. లోపల వాళ్ళావిడ గిన్నెలు సర్దుతున్న చప్పుడు. అటు చూసి, గొంతు తగ్గించాడు.

"మా ఆవిడకి చెప్పమాక. ఆ ఫోటో అంటే దానికి ఇష్టం."

ఆ తరవాత వాడు నన్ను పిట్టల సంగతి ఎప్పుడూ అడగలేదు.