పరిమళ్ మాస్టారి రెండు వినతిపత్రాలు

పరిమళ్ శాంత్రా పంతొమ్మిదేళ్లుగా రాసిన వినతిపత్రాల్లో ఒక్కటి కూడా ఫలించలేదు. చందన్‌నగర్‌లో దోమల మీద రాశాడు, స్టేషన్ వంతెన మెట్ల మీద రాశాడు, గంగ ఒడ్డున కొట్టేయబోయిన తురాయి చెట్టు మీద రాశాడు. రెండు మూడు వందల సంతకాలు పడేవి. ఎవరో ఒకరు పట్టుకెళ్లి ఆఫీసులో ఇచ్చేవారు. దోమలు దోమల్లాగే ఉండేవి, చెట్టు పోయేది. సంతకాలు పెట్టినవాళ్లకి మనసు తేలికపడేది. అంతటితో సరి.

అందుకే చైత్రమాసంలో ఒక శుక్రవారం చిత్రలేఖ హాలు మేనేజరు కానాయీ పాల్ సందేశ్ మిఠాయి పెట్టె పట్టుకుని స్కూల్లో కెమిస్ట్రీ ల్యాబుకి వచ్చి, "మాస్టారూ, మీ పిటిషన్ మా ఓనరుగారు ఒప్పేసుకున్నారు" అన్నప్పుడు, ఏ పిటిషనో ఆయనకి వెంటనే తట్టలేదు.

"అదేనండీ, ఐదేళ్ల కిందటిది. మా మ్యాట్నీలో వేసే ఏడుపు సినిమాలు ఊరి అభిరుచిని పాడుచేస్తున్నాయనీ, శనివారం ఆట మీ ఫిల్మ్ సొసైటీకి ఇచ్చేయాలనీ రాశారు చూడండి! పెద్దాయన అటక మీద పడేశారు. ఇప్పుడు కొడుకు చూసుకుంటున్నాడు కదా, చదువుకున్నవాడు. అది దొరికితే చదివి కళ్లు తెరుచుకున్నాయన్నాడు. వైశాఖంలో మన బెంగాలీ కొత్త సంవత్సరం నుంచి శనివారం మ్యాట్నీ మీదే."

పరిమళ్ చేతిలోని బ్యూరెట్‌ని జాగ్రత్తగా స్టాండుకి బిగించాడు. లేకపోతే విరిగేది.

"ఐదేళ్లలో పాడవ్వాల్సిన అభిరుచి ఎలాగూ పాడయ్యే ఉంటుంది కదయ్యా, ఇప్పుడెందుకు?" అన్నాడు.

మాస్టారు హాస్యమాడుతున్నారనుకుని కానాయీ పాల్ నవ్వి, పెట్టె బల్లమీద పెట్టి వెళ్లిపోయాడు.

ఊళ్లో ఎవరికీ తెలియని సంగతి ఒకటుంది. తెలియదని పరిమళ్ అనుకుంటున్న సంగతి, అనాలి. శనివారం స్కూలు ఒంటిపూట. బడి వదిలాక ఆయన తిన్నగా చిత్రలేఖ హాలుకి వెళతాడు. చలికాలమైతే మంకీ క్యాప్ కనుబొమల దాకా లాక్కుంటాడు. మిగతా కాలాల్లో గేటు దాటి లోపలికి వచ్చేదాకా గొడుగు దించడు. స్తంభం పక్కన సీటు. తెర మీద అత్తలు కోడళ్లని నడివానలో గెంటేస్తారు, తప్పిపోయిన అన్నదమ్ములు తల్లి చితి దగ్గర కలుస్తారు, ముత్తైదువల శంఖం గాజులు చిట్లుతాయి. పరిమళ్ ఏడుస్తాడు. మొదట్లో, తిట్టాలంటే చూడాలి కదా అని తనకి తాను చెప్పుకున్నాడు. సొసైటీ పత్రికలో ఒక సినిమాని చీల్చి చెండాడుతూ రాసిన వ్యాసానికి ఆ సినిమా ఆరుసార్లు చూశాడు.

మర్నాడు ఆదివారం సాయంత్రం లైబ్రరీ హాల్లో ఫిల్మ్ సొసైటీ. అక్కడ తెర మీద ఒకాయన పావుగంటసేపు కిటికీలోంచి వానని చూస్తాడు. తర్వాత అధ్యక్షుడు లాహిరీ గంటసేపు ఆ కిటికీ గురించి మాట్లాడతాడు. పరిమళ్ తలాడిస్తాడు. ఐదేళ్ల కిందట ఆ వినతిపత్రం రాయాలని లాహిరీ అన్నప్పుడు అందరూ కార్యదర్శి పరిమళ్ వైపే చూశారు. వెనకాడితే అనుమానం వస్తుందేమోనని అవసరానికి మించి ఘాటుగా రాశాడు. ఫలించదని తెలుసు కాబట్టే అంత ధైర్యం. తన పిటిషన్లన్నిటిలోనూ ఫలించడానికి దీనికే దొరికిందా ముహూర్తం!

ఆ శనివారం విశ్రాంతి సమయంలో తన ముందు వరసలోంచి ఒకావిడ వెనక్కి తిరిగింది. ఆమె పేరు చాపలా, బజార్లో చేపలమ్ముతుంది. ఆమె, ఆమెతోపాటు ఐదారుగురు చేపలవాళ్లు, నర్సింగ్ హోమ్‌లో పనిచేసే ఆయాలు, అందరిదీ ఆ వరసే.

"మాస్టారూ, మీతో పనుంది."

పరిమళ్ చేయి గొడుగు మీదకి పోయింది.

"లోపల వాన పడదు లెండి" అంది చాపలా. "మేం వస్తున్న ఈ ఏడేళ్లూ మీరు ముక్కు చీదడం వింటూనే ఉన్నాం. వినండి. ఎవడో పెద్దమనిషి పిటిషన్ పెట్టి మా ఆట తీయించేస్తున్నాడట. వాడి చేతులు పడిపోను! పొద్దున మూడింటికి లేచి, చేపలు తరిగి, ఇంటెడు చాకిరీ చేసి వారానికోసారి వచ్చి కూర్చుంటాం. ఇంట్లో ఏడిస్తే ఎందుకేడుస్తున్నావని అడుగుతారు. ఇక్కడ ఎవరూ అడగరు. దీన్ని ఆపమని మీరొక కాగితం రాయాలి. ఊళ్లో ఇలాంటివి మీ అంత బాగా ఎవరూ రాయరంట కదా!"

పరిమళ్ తన చేతుల వైపు చూసుకున్నాడు. రెండూ బాగానే ఉన్నాయి.

"రాస్తాను" అన్నాడు. "కానీ నా పేరు ఎక్కడా రాకూడదు."

ఆదివారం పొద్దున్నే పరీక్ష కాగితాలు పక్కకి తోసి కూర్చున్నాడు. ఒక్క కొట్టివేత లేకుండా వచ్చింది. ఇంట్లో ఏడవలేనివాళ్ల గురించి రాశాడు, అడగనివాళ్ల మధ్య కూర్చోవడం గురించి రాశాడు. పంతొమ్మిదేళ్లలో ఇంత బాగా ఏదీ రాయలేదని తనకే తెలిసి చిరాకేసింది.

నాలుగు రోజుల్లో చాపలా గుమ్మంలోకి వచ్చింది. రెండు వందల పదకొండు సంతకాలు, వేలిముద్రలు. కాగితం నిండా చేపల వాసన.

"పైన మొదటి గీత మీకు వదిలాం" అంది.

"రాసినవాడు సంతకం పెట్టక్కర్లేదు చాపలా."

"ఏం, మీరు టిక్కెట్టు కొనట్లేదా?"

"నేను వచ్చేది పరిశీలనకి."

"అవును మరి. పోయిన శనివారం ఆ చిన్నకోడలు గడప దాటేటప్పుడు మీ పరిశీలన ఎక్కువై నా భుజం మీద పడింది."

వంటింట్లోంచి ఆయన భార్య ఝర్నా పకపకా నవ్వింది. చాపలా వెళ్లాక చేయి తుడుచుకుంటూ వచ్చింది. "పెట్టేయండి. శనివారం జేబురుమాలు ఉతికేది నేనేగా? అట్టకట్టుకుపోయి ఉంటుంది. ల్యాబులో ఉప్పు తయారుచేస్తున్నారని ఎన్నాళ్లనుకోను?"

"నీకు తెలుసా? మరి ఒక్కమాటైనా అనలేదేం?"

"అడిగితే మానేస్తారని. శనివారం ఇంటికొచ్చాక మీరొక్కరోజైనా కాస్త ప్రశాంతంగా ఉంటారు."

పరిమళ్‌కి ఒళ్లు మండింది. ఏళ్ల తరబడి పడ్డ జాగ్రత్త, ఆ మండుటెండల్లో మోసిన గొడుగు, అంతా దండగ. అయినా సంతకం పెట్టలేదు. మొదటి గీత ఖాళీగానే కాగితం చిత్రలేఖ హాలుకి వెళ్లింది.

ఆ తర్వాతి బుధవారం సాయంత్రం కుర్ర ఓనరు రెండు పక్షాలనీ పిలిపించాడు. ఒకవైపు లాహిరీ, పరిమళ్. ఇంకోవైపు చాపలా. ఓనరు రెండు వినతిపత్రాలనీ పక్కపక్కన పరిచాడు.

"ఒకటే దస్తూరీ" అన్నాడు. "రెండూ 'ఇదేదో ఒక్క సినిమాహాలు సంగతి కాదు' అనే మొదలవుతున్నాయి. రెండూ చదివితే కళ్లు తెరుచుకుంటున్నాయి మాస్టారూ. ఏది నమ్మను? మొదటిదానికి పైన మీ సంతకం ఉంది. రెండోదానికి అక్కడ ఖాళీగా ఉంది."

లాహిరీ కళ్లజోడు సవరించుకుని కాగితాల మీదికి వంగాడు. చాపలాకి చదువు రాదు. కానీ ఓనరు మాటలో ఉన్నది అర్థమవడానికి ఎంతసేపో పట్టలేదు.

"అయ్యో, ఆ చేతులు మీవేనా!" అంది. "నేనేమో నోటికొచ్చినట్టు తిట్టాను. ముందే చెప్పొచ్చు కదా!"

"పరిమళ్, ఇదేమిటి?" అన్నాడు లాహిరీ. "వాళ్ల మీద జాలిపడి రాసిచ్చావా? పోనీలే. అంతవరకే అని ఇక్కడ చెప్పేయ్."

తప్పించుకోవడానికి తలుపు తెరిచే ఉంది. జాలి అంటే చాలు. సొసైటీ ఉంటుంది, పత్రిక ఉంటుంది, ఆదివారం సాయంత్రాలుంటాయి. చాపలా ఆయన వైపు చూడటం మానేసి నేల చూస్తోంది.

పరిమళ్ ఓనరు జేబులోంచి పెన్ను తీసుకున్నాడు.

"జాలీ లేదు, గీలీ లేదు లాహిరీ దాదా. పదిహేనేళ్లుగా వస్తున్నాను. టిక్కెట్టు కొని, స్తంభం పక్కన కూర్చుని, ఏడ్చి వెళుతున్నాను. మీ కిటికీలూ వానలూ మంచివే. కానీ వాటికి నాకొక్కనాడూ ఏడుపు రాలేదు. రాలేదంటే రాలేదు. ఏం చేయమంటారు?"

ఖాళీ గీత మీద పూర్తిపేరు రాసి, కింద స్కూలు పేరు కూడా రాశాడు. మొదటి వినతిపత్రం మీది సంతకాన్ని అడ్డంగా కొట్టేశాడు.

మ్యాట్నీ మిగిలింది. సొసైటీ కార్యదర్శి పదవి పోయింది. పత్రిక తర్వాతి సంచికలో ఆయన పేరుకి బదులు గంగ ఒడ్డు ఫోటో వేశారు.

కొత్త సంవత్సరంలో మొదటి శనివారం పరిమళ్ గొడుగు లేకుండా వెళ్లాడు. చాపలా వరసలో ఆయనకో సీటు పట్టి ఉంచారు. అదే తప్పయిపోయింది. స్తంభం పక్కన ఎంత హాయిగా ఉండేది! ఇక్కడ ఒకావిడ వేయించిన శనగలు చేతిలో పోస్తుంది. ఇంకొకావిడ, "మాస్టారూ, అత్త పాయసంలో ఏం కలిపిందో చూడగానే చెప్పేయండి, మీరు కెమిస్ట్రీ కదా" అంటుంది. ఏడుద్దామనుకునేసరికి పక్కనుంచి కొంగు అందిస్తారు.

విశ్రాంతి సమయంలో చాపలా చీర చెంగుతో విసురుకుంటూ, "పైన నాలుగు ఫ్యాన్లకి ఒక్కటే తిరుగుతోంది. ఓ కాగితం రాయకూడదూ?" అంది.

"రాయను."

"ఏం?"

"నా కాగితాలు ఈమధ్య ఫలిస్తున్నాయి."

"మరి మంచిదేగా?"

"ముందు సినిమా చూడనివ్వు తల్లీ" అన్నాడు పరిమళ్. లైట్లు ఆరాయి. తెర మీద చిన్నకోడలు గడప దగ్గర ఆగింది. ఆయన జేబులో చేయి పెట్టాడు. ఝర్నా ఈసారి రెండు రుమాళ్లు పెట్టింది.